తమ్ముడి సంచిలో అల్ప్రాజోలం రేకులు దొరికాయి: గదిలో పెట్టి మాన్పించవచ్చా?

జడ్చర్ల_అక్క
అందరికీ నమస్కారం. బంధువులు కూడా చదివే చోటు కాబట్టి పేర్లు రాయడం లేదు. మా తమ్ముడికి పందొమ్మిదేళ్లు. మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదువుతూ స్నేహితులతో కలిసి అద్దె గదిలో ఉంటున్నాడు. కొన్ని నెలలుగా వాడి మాట ముద్దగా వస్తోంది. ఇంటికి వచ్చినప్పుడు పగలంతా పడుకునే ఉంటాడు. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. మొన్న బండి మీద నుంచి పడి మోచేయి చెక్కుకుపోయింది, ఎక్కడ పడ్డావంటే చెప్పలేకపోయాడు. తాగాడేమో అనుకుంటే వాసన లేదు. చివరికి సంచి వెతికితే అల్ప్రాజోలం రేకులు బయటపడ్డాయి, సగానికి పైగా ఖాళీవి. డాక్టరు చీటీ ఏదీ లేదు.

నాయన కోపంతో మిగిలిన మాత్రలన్నీ మోరీలో పారేశారు. ఫోను తీసుకుని, వాణ్ని వెనక గదిలో ఉంచి గొళ్లెం పెట్టారు. నాలుగు రోజులు లోపల ఉంటే అలవాటు అదే పోతుందంటున్నారు. నిన్న సాయంత్రం నుంచి వాడి చేతులు వణుకుతున్నాయి, చెమటలు కారుతున్నాయి. రాత్రంతా కన్ను మూయలేదు. గిన్నె కింద పడినా ఉలిక్కిపడుతున్నాడు. అమ్మ దిష్టి అంటోంది, శనివారం మన్యంకొండకు తీసుకుపోదామంటోంది. ఊళ్లో తెలిస్తే నా పెళ్లి సంబంధాలు చెడతాయని నాయన భయం. ఈ వణుకు దానంతట అదే తగ్గుతుందా? ఇలా మాన్పించడం సరైనదేనా?

వార్డు_డాక్టరు (మానసిక వైద్యం, పాలమూరు)
అమ్మా, ఇది చదివిన వెంటనే గొళ్లెం తీయించండి. శనివారం దాకా ఆగవద్దు. ఈ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఓపీ సమయం దాటిపోతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

అల్ప్రాజోలం ఆందోళనకు, నిద్ర పట్టకపోవడానికి రాసే బెంజోడయాజెపైన్ జాతి మందు. మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం ఉంటుంది, ఈ మందు దాని పనిని పెంచుతుంది. నెలల తరబడి వాడితే మెదడు ఆ సాయానికి అలవాటుపడి, తాను సహజంగా చేసుకునే అణచివేతను తగ్గించుకుంటుంది. అప్పుడు మందు హఠాత్తుగా ఆగిపోతే ఉద్రేకానికి అడ్డు ఉండదు. మీరు చెప్పిన వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, ఉలికిపాటు అన్నీ అవే లక్షణాలు. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, లేనివి కనిపించవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు, అందుకే ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే కష్టం మొదలవుతుంది. మీ తమ్ముడు ఇప్పుడు సరిగ్గా ఆ సమయంలోనే ఉన్నాడు.

బండి మీద ఎక్కించుకుని వెళ్లవద్దు, ఆటోలోనో కారులోనో ఇద్దరు పక్కన కూర్చుని తీసుకెళ్లండి. ఖాళీ రేకులు పారేయకుండా వెంట తెండి, మందు పేరు, బలం వాటి మీదే ఉంటాయి. రోజుకు ఎన్ని వేసుకునేవాడో, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నాడో, వాటితో పాటు కల్లు, మద్యం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, దగ్గు మందు ఏమైనా తీసుకున్నాడో అడగండి. తిట్టకుండా అడిగితేనే నిజం చెబుతాడు. ఇంట్లోనే ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన దగ్గర అలవాటు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మన్యంకొండకు అందరూ కలిసి తర్వాత వెళ్లవచ్చు. ముందు ఆసుపత్రి.

గడియారం_సెంటర్ (నల్గొండ)
డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మాత్రలు మింగి చెడిపోయిన పిల్లవాడికి ఆసుపత్రిలో మళ్లీ మాత్రలే ఇస్తే బుద్ధి ఎప్పుడు వస్తుంది? మా వీధిలో ఇద్దరు పిల్లలు ఇలాగే పాడయ్యారు. ఒకడు తల్లి పుస్తెలు కూడా అమ్ముకున్నాడు. మెత్తగా మాట్లాడిన ఇళ్లలోనే ఇది ముదిరింది. నా మాట కటువుగా అనిపించవచ్చు కానీ, తండ్రి చేసిన పనిలో నాకు తప్పు కనిపించడం లేదు. మందు అమ్మినవాణ్ని, తిన్నవాణ్ని ఇద్దరినీ పోలీసులకు అప్పగిస్తేనే మిగతా పిల్లలకు భయం ఉంటుంది.

ఈతవనం (నారాయణపేట)
గడియారం_సెంటర్ అన్నా, మీ వీధి పిల్లల గురించి మీరు పడే బాధ అర్థమవుతోంది. అయినా దెబ్బలకు, గొళ్లేలకు ఫిట్స్ ఆగవు. ఈ సంగతి మన పాలమూరుకు ఎవరో వచ్చి కొత్తగా చెప్పవలసిన అవసరం లేదు. 2015 సెప్టెంబరు గుర్తు తెచ్చుకోండి. కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాల్లో కల్లులో మత్తు పొడి కలపడం ఒక్కసారిగా ఆగిపోయింది. అటు నిజామాబాద్‌లో, ఇటు మన దగ్గర మనుషులు వణుకుతూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గాలిలోకి చూస్తూ, ఫిట్స్‌తో కొట్టుకుంటూ ఆసుపత్రులకు చేరారు. ఊళ్లలో దయ్యం పట్టిందనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కూలి పనికి పోయే ఆడవాళ్లు, ముసలివాళ్లు ఎంతమందో. వాళ్లు తాగింది కల్లు అనుకునే, ఒంటికి అలవాటైంది మాత్రం ఆ పొడి.

మాది గీత కార్మికుల కుటుంబం. మా తాత, నాయన మోకు, ముత్తాదుతో చెట్టెక్కి, లొట్టి దించి అమ్మినవాళ్లు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, దానికి ఉండే మత్తు ఎంతో అందరికీ తెలుసు. చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు పెరిగారు. ఆ లోటును కొందరు వ్యాపారులు నీళ్లు, శాకరిన్, మత్తు పొడితో పూడ్చారు. ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోఫాం (డయాజెపాం), ఇప్పుడు అల్ప్రాజోలం. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి జనం చనిపోయినప్పుడు వినిపించిన పేరు అల్ప్రాజోలమే. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ పాత బోయినపల్లిలో ఒక పాఠశాల భవనంలోనే దాన్ని తయారు చేస్తుంటే మత్తు పదార్థాల మీద నిఘా పెట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ పట్టుకుంది. ఆ సరుకు మన మహబూబ్‌నగర్ చుట్టుపక్కల కల్లు దుకాణాలకే చేరుతోందని వార్తలు వచ్చాయి. చెట్టెక్కి కాళ్లు విరగ్గొట్టుకునేవాడికి, పొడి కలిపి లక్షలు గడించేవాడికి ఒకే పేరు పెట్టి తిడుతుంటే మాకు కడుపు మండుతుంది.

జడ్చర్ల అక్కకు చెప్పేది ఒక్కటే. మీ తమ్ముడి సంచిలో దొరికిన మందు మన జిల్లా సీసాలో చాలా ఏళ్లుగా తాగుతున్నదే. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో మన ఊళ్లు కళ్లారా చూశాయి. ఆలస్యం చేయకండి.

మందుల_అంగడి (మిర్యాలగూడ)
ఈ మాత్రలు పిల్లల చేతికి ఎలా చేరుతున్నాయో దుకాణం వైపు నుంచి చెబుతాను.

అల్ప్రాజోలం, డయాజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం, ట్రమడాల్ ఇవన్నీ హెచ్‌1 షెడ్యూలులో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. రేకు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే వేరే రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో రాయాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు ఉంచాలి. ఈ పని శ్రద్ధగా చేసే దుకాణాలు చాలా ఉన్నాయి. చేయని దుకాణం ఊరికి ఒక్కటి ఉన్నా చాలు, పిల్లలందరికీ దాని చిరునామా తెలిసిపోతుంది.

మా అంగడికి వచ్చే తీరు ఇలా ఉంటుంది. ఎప్పుడో నానమ్మకు రాసిన చీటీని ఫోనులో ఫొటో తీసి తెస్తారు. తేదీ ఉన్న భాగం కత్తిరించి ఉంటుంది. కొందరు ఆర్‌ఎంపీ తెల్ల కాగితం మీద రాసిచ్చింది తెస్తారు, అది చీటీ కిందికి రాదు. అవ్వకు నిద్ర పట్టడం లేదు, రెండే ఇవ్వండి అని బతిమాలతారు. అడిగే పిల్లవాడి కళ్లు చూస్తే నాకు విషయం తెలిసిపోతుంది. ఇవ్వనంటే, పక్క వీధిలో ఇస్తారులే అని వెళ్లిపోతాడు. ఆ మాట వినడం నాకు ప్రతిసారీ కష్టంగా ఉంటుంది. మరో దారి కూడా ఉంది. ఫోనులో, వీడియోలో జరిగే వైద్య సలహా మీద ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి వచ్చే మందులు రాయకూడదని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా అలాంటి చీటీలు నా దగ్గరకు వస్తూనే ఉన్నాయి.

చీటీ లేకుండా అమ్మే దుకాణం ఎవరికైనా తెలిస్తే, ఫిర్యాదుకు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969 ఉంది. పెద్ద ఎత్తున సరఫరా జరుగుతోందనిపిస్తే ఈగల్ విభాగానికి 1908. గడియారం_సెంటర్ గారూ, మీ కోపాన్ని ఆ వైపు పెట్టండి. నేను కూడా మీతో ఉంటాను.

పేరు_వద్దు (దేవరకొండ)
జడ్చర్ల అక్కా, మీ తమ్ముడు ఉన్న గదిలాంటి గదిలో నేనూ ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

కానిస్టేబుల్ పరీక్ష కోచింగ్ కోసం హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండేవాణ్ని. ఇంటి దగ్గర అర ఎకరం అమ్మి ఫీజు కట్టారు. పరీక్ష దగ్గరపడేకొద్దీ రాత్రుళ్లు గుండె దడదడలాడేది, నిద్ర వచ్చేది కాదు. పక్క మంచం మీద ఉండే అన్న ఒక మాత్ర చేతిలో పెట్టి, ఇది డాక్టర్లు రాసేదే, భయం లేదన్నాడు. ఆ మాటే నన్ను నమ్మించింది. గంజాయి అయితే ముట్టేవాణ్ని కాదు. రేకు మీద కంపెనీ పేరు, ధర ఉన్న వస్తువు చెడు చేస్తుందని ఎవరు అనుకుంటారు?

కొన్ని వారాలకు ఆ మాత్రతో నిద్ర రావడం ఆగిపోయింది, రెండు కావలసి వచ్చాయి. తర్వాత పగలు కూడా. చదివింది ఏదీ నిలిచేది కాదు. పరీక్ష కోసం మొదలుపెట్టిన మాత్రే పరీక్షను మింగేసింది. అప్పటికి దానిలో సుఖం ఏమీ లేదు, మామూలు మనిషిలా నిలబడటానికే వేసుకునేవాణ్ని. ఒకసారి పండక్కి ఇంటికి వచ్చినప్పుడు దొరకక ఆపాల్సి వచ్చింది. వెలుతురు కళ్లలో గుచ్చుకునేది. చర్మం కింద ఏదో పాకినట్టు ఉండేది. ఇంకాసేపట్లో చచ్చిపోతాననే భయం గంటల తరబడి వదిలేది కాదు. ఇంట్లోవాళ్లు దాన్ని కొవ్వు అన్నారు.

నన్ను ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి మా చిన్నాయన తీసుకెళ్లాడు. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, బస్సులో మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టాడు. అక్కడ డాక్టరు మందు ఒక్కసారిగా ఆపలేదు. ఒంట్లో ఎక్కువసేపు ఉండే వేరే మందుకు మార్చి, దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. నెలలు పట్టింది. మధ్యలో తగ్గించడం కష్టమైనప్పుడు కొన్నాళ్లు అక్కడే ఆపి, తర్వాత మళ్లీ తగ్గించారు.

మీ తమ్ముడితో రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఈ వణుకు వాడి పిరికితనం కాదని. రెండు, ఆసుపత్రిలో దీన్ని తగ్గించే మార్గం ఉందని. ఎవరు ఇచ్చారు, ఎంత డబ్బు తగలేశావు అనేవి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు వాటితో మొదలుపెడితే వాడు నోరు మూసుకుంటాడు.

వార్డు_డాక్టరు
పైన తమ్ముడు రాసినదాంట్లో అందరూ గమనించవలసింది ఉంది. గడియారం_సెంటర్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే. ఆసుపత్రిలో ఇచ్చేది మత్తు కోసం కాదు. లెక్క ప్రకారం, రాతపూర్వకంగా, తగ్గుతూ పోయే మోతాదు అది. దాన్ని ఇంట్లో ఎవరికి వారు లెక్కగట్టుకోవద్దు. ఎంత వాడారు, ఎంతకాలం వాడారు, ఇంకేమి కలిపారు అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

ఇంకొకటి. ఇలాంటి సమయంలో పిల్లలకు చనిపోవాలన్న ఆలోచన రావచ్చు. సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. రాత్రివేళ ఎవరూ అందుబాటులో లేకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మత్తు అలవాటు గురించి ప్రత్యేకంగా సలహా కావాలంటే 14446 ఉంది.

జడ్చర్ల_అక్క
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాయన ఒప్పుకోలేదు. ఈతవనం అన్న రాసింది చదివి వినిపించాను. 2015లో మా పెద్దమ్మకు అలాగే అయింది, అప్పుడు భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. నాయన ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని బయటకు వచ్చి ఆటో పిలిచారు.

వార్డులో చేర్చుకున్నారు. ఆటోలో వెళ్తుంటే వాడి చేయి బిగుసుకుపోయింది, నేను చాలా భయపడ్డాను. ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఆసుపత్రివాళ్లు పోలీసులకు చెబుతారా? కేసు అయితే వాడి చదువు, ఉద్యోగం ఏమవుతాయి? వాడి గదిలో ఉన్న మిగతా పిల్లలు కూడా ఇవే వాడుతున్నారట, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారట. ఈ మాట విన్నప్పటి నుంచి నాయనకు అన్నం సహించడం లేదు.

నల్గొండ_వకీలు
చికిత్సకు వచ్చిన రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వైద్యం కోరి వచ్చాడన్న కారణంతో కేసు పెట్టరు. అసలు ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి మీద వాడకం గురించో, స్వల్ప పరిమాణం గురించో కేసు ఉన్నా, తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే విచారణ నుంచి మినహాయింపు పొందే అవకాశం అది ఇస్తుంది. చికిత్స పూర్తి చేయకుండా వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి ఆసుపత్రి కాగితాలన్నీ భద్రంగా దాచుకోండి.

ఇచ్చిపుచ్చుకోవడం గురించి మీరు రాసింది మాత్రం నన్ను కలవరపెట్టింది. ఆ పిల్లలకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. తాను వాడటం వేరు, ఇంకొకరికి ఇవ్వడం వేరు. డబ్బు తీసుకోకపోయినా అది సరఫరా కిందికి రావచ్చు. అల్ప్రాజోలానికి స్వల్ప పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. మాత్రలో ఉండే మందు మిల్లీగ్రాములలోనే కదా, 5 గ్రాములు ఎప్పటికి కావాలి అనుకుంటారు. మందుతో కలిసి ఉన్న మిగతా పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో తేల్చింది. అందువల్ల గదిలో అందరి కోసం ఒకడి పెట్టెలో దాచిన రేకులన్నీ కలిపి తూకం వేస్తే ఆ పిల్లవాడు స్వల్ప పరిమాణం దాటిపోవచ్చు. వాణిజ్య పరిమాణం దాటితే కనీస శిక్షే పదేళ్లు. ఆ గదిలోని పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి చేరాలి.

గడియారం_సెంటర్
వకీలు గారూ, పిల్లల విషయం అలా ఉంచండి. మా దగ్గర బస్టాండు పక్కన ఒక దుకాణంలో చీటీ అడగకుండా ఇస్తున్నారని నాకు తెలుసు. మిర్యాలగూడ అన్న ఇచ్చిన నంబరుకు రేపు ఫోన్ చేస్తాను. నా పేరు బయటకు వస్తుందా? ఆ దుకాణం యజమానికి మా వీధిలో పలుకుబడి ఉంది.

మందుల_అంగడి
పేరు చెప్పనవసరం లేదు. దుకాణం ఎక్కడ ఉంది, ఏ మందు, ఏ సమయంలో అమ్ముతున్నారు అనేవి స్పష్టంగా చెప్పండి. బిల్లు ఇవ్వకుండా అమ్ముతుంటే అది కూడా చెప్పండి. తనిఖీకి వచ్చినప్పుడు కొనుగోలు బిల్లులను, హెచ్‌1 రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూస్తారు. కొన్న మాత్రలు ఎన్ని, రిజిస్టరులో రాసి అమ్మినవి ఎన్ని అన్న తేడా అక్కడే బయటపడుతుంది.

లెక్చరర్_వనపర్తి
చర్చ ఆలస్యంగా చూశాను. ఇరవై ఏళ్లుగా ఇంటర్, డిగ్రీ పిల్లలతో ఉన్నవాణ్ని. రెండు సంగతులు నన్ను వదలడం లేదు.

మన దగ్గర ఎంతో మంది పిల్లల తల్లిదండ్రులు ముంబయి, పుణె, బెంగళూరులో కూలి పనుల్లో ఉంటారు. పిల్లలు అవ్వ, తాతల దగ్గర పెరుగుతారు. ఆ ఇంట్లో అవ్వకు నిద్రమాత్రలు ఉంటాయి, వాటి డబ్బా ఎప్పుడూ గూట్లో తెరిచే ఉంటుంది. నెలకు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టే కళ్లు ఆ ఇంట్లో లేవు. కాలేజీలో మేము సిగరెట్టు వాసన చూస్తాం, గంజాయి అనుమానిస్తాం. మాత్రకు వాసన లేదు. క్లాసులో తల వాల్చి నిద్రపోయే పిల్లవాడిని సోమరి అని బయటకు పంపుతాం. నడకలో తూలు, మాటలో ముద్ద, చెప్పింది పూర్తిగా మరిచిపోవడం, ఉన్నట్టుండి డబ్బు అవసరాలు కనిపిస్తే, బయటకు పంపడానికి ముందు పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.

రెండోది, ఇది మన జిల్లా శాపం అని తలదించుకోవలసిన పని లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవారిలో 1.08 శాతం, సుమారు 1.18 కోట్ల మంది, వైద్యుడు చెప్పకుండానే మత్తు మాత్రలు వాడుతున్నారని అది చెప్పింది. దేశమంతటా ఉన్నదే. మనకు కల్లు కల్తీ తోడవడం వల్ల ఇంకాస్త బరువు ఎక్కువైంది, అంతే. జడ్చర్ల అమ్మాయీ, మీరు చేసింది సిగ్గుపడవలసిన పని కాదు.

కల్వకుర్తి_కోడలు
లెక్చరర్ గారు అవ్వ మాత్రల గురించి రాశారు కదా, మా అత్తమ్మ ఎన్నో ఏళ్లుగా రాత్రికి ఒకటి వేసుకుంటారు. మా ఊరి ఆర్‌ఎంపీ మొదలుపెట్టించారు. ఇదంతా చదివాక భయమేసింది. మా ఇంట్లో ఇంటర్ చదివే మనవడు ఉన్నాడు. అత్తమ్మ మాత్రలు ఇవాళే ఆపించమంటారా?

వార్డు_డాక్టరు
ఆపించవద్దమ్మా. పిల్లవాడి ఒళ్లయినా, పెద్దావిడ ఒళ్లయినా ఏళ్ల తరబడి అలవాటుపడ్డాక ఒకే రోజు ఆపడం ప్రమాదమే. డబ్బాను బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి, ఏ రోజుది ఆ రోజు చేతికి ఇవ్వండి. వీలు చూసుకుని ఆవిణ్ని ఆసుపత్రికి తీసుకురండి. ఆ వయసులో ఈ మాత్రలతో రాత్రి లేచినప్పుడు తూలి పడటం, తుంటి ఎముక విరగడం మేము తరచుగా చూస్తాం. మెల్లగా తగ్గించవచ్చో లేదో పరీక్ష చేసి చెబుతాం. ఈలోగా కల్లు తాగే అలవాటు ఉంటే మాత్ర, కల్లు కలవకుండా చూడండి. రెండూ కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

సూర్యాపేట_నాన్న
ఒక హెచ్చరిక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అబ్బాయిని హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్పించాం. మూడు నెలల డబ్బు ముందే తీసుకున్నారు, వారం వరకు ఫోను మాట్లాడనివ్వలేదు. చేరిన రోజే మాత్రలు పూర్తిగా ఆపేశారట. ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. డాక్టరు అక్కడ ఉండడు, వారానికి ఒకసారి వస్తాడు. గొడవ చేసిన పిల్లలను మంచానికి కట్టేవాళ్లని మా వాడు తర్వాత చెప్పాడు. బోర్డు చూసి, ప్రకటన చూసి పిల్లలను అప్పగించకండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదైందా, రాత్రిపూట డాక్టరు ఉంటాడా, మాత్రలు ఎలా తగ్గిస్తారు అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కుంటే వెనక్కి వచ్చేయండి.

నల్గొండ_వకీలు
గొలుసులతో కట్టడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. సూర్యాపేట అన్నా, ఆ కేంద్రం మీద ఫిర్యాదు చేసే ఆలోచన ఉంటే, అబ్బాయి అప్పటి ఆసుపత్రి కాగితాలు, మీరు డబ్బు కట్టిన రసీదులు తీసి ఉంచండి. దరఖాస్తు నేను రాసిపెడతాను, ఫీజు వద్దు.

జడ్చర్ల_అక్క
ఇంటికి పంపించారు. వాడు లేచి కూర్చుని అన్నం తింటున్నాడు. మాత్రలు తగ్గించే పట్టిక రాసిచ్చారు, వారానికి ఒకసారి చూపించుకోమన్నారు. మాత్రలు నాయన దగ్గరే ఉంటున్నాయి, వేళకు ఆయనే లేచి ఇస్తున్నారు. వాడు, నాయన ఇంకా పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

దేవరకొండ తమ్ముడూ, నువ్వు రాసింది వాడికి చదివి వినిపించాను. చర్మం కింద పాకినట్టు ఉండేది అన్న చోట ఏడ్చాడు. తనకు పిచ్చి పట్టిందని అనుకున్నాడట. గదిలో మిగతా ముగ్గురి ఇళ్ల నంబర్లు వాడే ఇచ్చాడు. ఇద్దరి ఇళ్లకు ఫోన్ చేశాం, ఒకరు మా మీదే అరిచారు. మూడో అబ్బాయి తల్లిదండ్రులు పుణెలో ఉన్నారు, తాత ఫోను ఎత్తడం లేదు. ఎవరైనా ఆ ఇంటిదాకా వెళ్లవలసి ఉంది, మక్తల్ దగ్గర పల్లె.

ఇంకొకటి అడగాలి. వచ్చే నెల పరీక్షలు, హాజరు తక్కువగా ఉంది. ఆసుపత్రి కాగితం ఇస్తే కాలేజీ అంతా తెలిసిపోతుందని వాడు వద్దంటున్నాడు.

వార్డు_డాక్టరు
ఆసుపత్రిలో చికిత్స పొందాడు, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం అని మాత్రమే ధ్రువపత్రంలో రాయమని అడగండి. జబ్బు వివరాలు కాలేజీకి అందరికీ చెప్పవలసిన పని లేదు. ఈసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు గుర్తు చేయండి. పరీక్షల ఒత్తిడి ఉందని మాత్రలు తొందరగా తగ్గించుకోవాలని చూడవద్దు, ఆ వారాల్లో మోతాదు ఎలా ఉండాలో అక్కడే మాట్లాడుకోండి.

లెక్చరర్_వనపర్తి
అనారోగ్య కారణంగా హాజరు సడలింపు కోరే దరఖాస్తు ప్రిన్సిపాల్‌కు నేరుగా ఇవ్వండి, క్లర్కు చేతికి కాదు. పరీక్ష ఫీజు గడువు దాటకముందే ఇవ్వాలి. రాయడంలో సాయం కావాలంటే చెప్పండి, నేను రాసిపెడతాను.

ఈతవనం
మక్తల్ మాకు దగ్గరే. ఊరి పేరు నాకు విడిగా పంపండి అక్కా. ఆదివారం పొద్దున నేను, మా మేనమామ వెళ్లి ఆ తాతను కలుస్తాం.